పలక చెప్పిన నాలుగు మాత్రలు

ఆ ఊళ్ళో ట్యాబును పలక అంటారు. ఇచ్చింది ప్రభుత్వమే అయినా పేరు పెట్టింది మాత్రం క్లినిక్కుకు బీపీ మందులకు వచ్చే గిడ్డమ్మ. మొదటి రోజు నర్సు జీవిత దాన్ని ఒళ్ళో పెట్టుకుని వేలితో గీకుతుంటే చూసి, "ఏం సిస్టరమ్మా, ఇంత సదువు సదివి మళ్ళా పలక పట్టుకుంటివే!" అని పకపకా నవ్వింది. ఇంకేముంది, పిల్లాజెల్లా అందరికీ అది పలకైపోయింది.

ఆ పలక డాక్టరేమీ కాదు. డాక్టరు పక్కన లేనప్పుడు ఏం చేస్తే మంచిదో నర్సుకు చెబుతుంది, అంతే. వయసు, బరువు, బీపీ, చక్కెర కొట్టి, అది అడిగే నాలుగు ప్రశ్నలకు జవాబులు నొక్కితే చాలు, గుక్కెడు నీళ్ళు తాగేలోపు సలహా వచ్చేస్తుంది. ఆకుపచ్చ వస్తే పాత మందే ఇవ్వాలి. పసుపు వస్తే మందు పెంచాలి. ఎరుపు వస్తే అంబులెన్సుకు ఫోను చేయాలి. మందు పెంచమన్నప్పుడల్లా పీహెచ్‌సీలో ఉండే డాక్టరు జయకుమార్ తన ఫోనులో చూసి సరే అనాలి. ఆయన ఒక్కడే పదిహేను ఊళ్ళకు సరే చెప్పాలి, పాపం. ఒక్కోసారి భోజనం ముందు కూర్చుని ఎడమచేత్తో నొక్కుతాడని చెప్పుకుంటారు.

జీవితది బద్వేలు. ఆదోనికి పడమరగా ఉన్న ఈ ఊరి క్లినిక్కుకు వచ్చి రెండేళ్ళయింది. జొన్నరొట్టె తినడం ఇక్కడే నేర్చుకుంది. పని అంటే ఆ పిల్లకు భయమూ ఉంది, భక్తీ ఉంది. మాత్రలు తీసుకెళ్ళిన వాళ్ళు వేసుకుంటున్నారో, గూట్లో పెట్టి మరిచిపోతున్నారో తెలుసుకోవడానికి తనే ఒక పద్ధతి పెట్టుకుంది. నెలనెలా ఖాళీ అట్టలు తెచ్చి చూపించాలి. చూపిస్తేనే కొత్తవి ఇస్తుంది. పలక "మాత్రలు రోజూ వేసుకుంటున్నారా?" అని అడిగినప్పుడు ఆ ఖాళీ అట్టలు చూసి "అవును" నొక్కుతుంది. డాక్టరుగారు ఈ పద్ధతిని మీటింగులో అందరి ముందూ మెచ్చుకున్నారు కూడా. ఆ రోజు జీవిత బద్వేలుకు ఫోను చేసి అమ్మకు చెప్పుకుని మురిసిపోయింది.

గిడ్డమ్మ ఒక్క అట్ట కూడా పోగొట్టుకోలేదు. కానీ ఆమె బీపీ మాత్రం దిగిరాలేదు. మొదట పలక ఒక్క మాత్ర చెప్పింది. రెండు నెలలు చూసి రెండోది చేర్చమంది. ఆ తర్వాత మూడోది. ఎనిమిదో నెలకు నాలుగు రకాలయ్యాయి. గిడ్డమ్మ ప్రతి నెలా ఖాళీ అట్టలు ముడి విప్పి బల్ల మీద పరిచేది. జీవిత పట్టీ చుట్టేది. నూట డెబ్బై. పలక పసుపు చూపించేది. "మొండి బీపీ పెద్దమ్మా నీది" అనేది జీవిత. "నాలెక్కనే" అనేది గిడ్డమ్మ, నవ్వుతూ.

ఇదిలా ఉండగా గిడ్డమ్మకు కంటి ఆపరేషన్ అవసరమైంది. ఆ ఊరి వాళ్ళు ఏటా మిరపకోతల కాలంలో గుంటూరు వైపు వలస పోతారు. దాన్ని సుగ్గికి పోవడం అంటారు. పోయిన ఏడు సుగ్గిలో గిడ్డమ్మకు పండు మిరపకాయేదో, పచ్చిదేదో కనబడలేదట. కుడికంట్లో పొర. క్యాంపుకు పోతే బీపీ ఎక్కువుందని వెనక్కి పంపారు. మళ్ళీ క్యాంపు ఈ శుక్రవారం. అది కూడా దాటిపోతే పది రోజుల్లో బయలుదేరే సుగ్గి బండిలో ఆమెకు చోటుండదు. కాయ కనబడని మనిషిని కోతకు ఎవరు తీసుకుపోతారు?

గురువారం పొద్దున పదింటికి గిడ్డమ్మ క్లినిక్కు మెట్టెక్కుతూ ఎక్కుతూనే గోడ పట్టుకుంది. పట్టుకున్న చెయ్యి జారింది. జీవిత పరుగెత్తి నడుము చుట్టూ చెయ్యివేసి పట్టుకుని లోపల మంచం మీద పడుకోబెట్టింది. నుదుటి మీద చెమట. పట్టీ చుట్టి చూస్తే పైది ఎనభై ఆరు, కిందిది యాభై నాలుగు. మిషను చెడిపోయిందేమోనని రెండో చేతికి చుట్టింది. అదే అంకె.

పలకలో కొట్టింది. టకామని ఎరుపు. లోపల ఎక్కడైనా రక్తం పోతోందేమో, గుండె దెబ్బతిందేమో, ఒంట్లో చీము పట్టిందేమో చూడండి, వెంటనే పెద్దాసుపత్రికి పంపండి అంది. దాని తప్పేం లేదు. ఎనిమిది నెలలుగా నాలుగు మాత్రలకు కూడా లొంగని మనిషికి ఉన్నట్టుండి బీపీ పడిపోతే ఎవరైనా అలాగే అనుకుంటారు.

జీవిత గిడ్డమ్మ కాళ్ళ కింద రెండు దిండ్లు పెట్టి డాక్టరుకు ఫోను చేసింది. "జ్వరముందా? రక్తం పోతోందా? ఛాతీలో నొప్పి?" ఒక్కొక్కటీ అడిగాడాయన. జీవిత ఒక్కొక్కటీ చూసి లేదంది. "అంబులెన్సుకు చెప్పు. వచ్చేలోపు ఓఆర్‌ఎస్ కొంచెం కొంచెం తాగించు. పది నిమిషాలకోసారి చూడు. ఈ రోజు మాత్రలేమీ ఇవ్వకు." అంబులెన్సు కోసిగి దగ్గర ఇంకో కేసులో ఉంది, గంట పడుతుందన్నారు.

గ్లాసు ఖాళీ అయ్యేసరికి గిడ్డమ్మ కళ్ళు తెరిచి చుట్టూ చూసింది. అంకె తొంభై నాలుగుకు వచ్చింది. తర్వాత నూట రెండు.

"ఏం తింటివి పెద్దమ్మా పొద్దున?"

"రొట్టె తింటి. మాత్రలు ఏసుకుంటి."

"ఎన్ని?"

"అన్నీ ఏసుకుంటినమ్మా. నాలుగూ." గొప్ప పని చేసినట్టు చెప్పింది గిడ్డమ్మ. "మూడు దినాలాయ. దినమూ నాలుగూ ఏసుకుంటాండా. క్యాంపులో వాపసు పంపకూడదని."

జీవిత గ్లాసు కింద పెట్టింది. మూడు రోజుల నుంచి దినమూ నాలుగు. మరి అంతకు ముందు ఎనిమిది నెలలు? ఖాళీ అట్టలన్నీ తను చేతులారా తడిమి చూసినవే కదా. అందులో మాత్రలు లేని మాట నిజమే. కానీ అవి ఎవరి కడుపులోకి పోయాయని పలకా అడగలేదు, తనూ అడగలేదు. ఎంత తెలివితక్కువదాన్ని అనుకుంది.

"పెద్దమ్మా, నా మొకం సూసి చెప్పు. మిగతా మాత్రలు ఎవరు తింటాండిరి?"

గిడ్డమ్మ పైకప్పు చూసింది. గోడ చూసింది. "కోళ్ళకేస్తి" అంది.

"కోళ్ళకు బీపీనా?"

గిడ్డమ్మకు నవ్వొచ్చింది, వెంటనే ఏడుపొచ్చింది. కొంగు కళ్ళకద్దుకుంది. "ఎర్రవి రెండూ ఆయప్ప, తెల్లవి ఒక దినం నేను, ఒక దినం ఆయప్ప. ఒకటే మాత్ర ఉన్నెప్పుడు గూడా అట్లనే. ఏం చేసేది సిస్టరమ్మా? ఆయప్పకి తల పోటు, మాపు కాంగానే కండ్లు ఎర్రగా అయితాయి. నాకేసిన మందే గదా, ఆయప్పకీ పని చేయదా అనుకుంటి."

ఆయప్ప అంటే ఆమె మొగుడు దేవేంద్రప్ప. క్లినిక్కు బయట అరుగు మీదే కూర్చున్నాడు. భార్య పడిపోయిందని ఎవరో చెబితే చేలోంచి ఉరుక్కుంటూ వచ్చి, లోపలికి రావడానికి మాత్రం ధైర్యం చాలక అక్కడే ఆగిపోయాడు.

"మరి మూడు దినాలుగా పెద్దనాయనకు మాత్రల్లేవా?"

"ల్యావు. నీ కన్ను ముందు, నా తలకాయదేముండాది తియ్ అనె."

జీవితకు ఆ మొరటు మనిషి మీద ఒక్కసారిగా ఎంత ప్రేమ కలిగిందో, ఇద్దరి మీదా అంత కోపమూ వచ్చింది. బయటికి పోయి, "లేయ్ పెద్దనాయనా, లోపలికి రా" అంది. దేవేంద్రప్ప వచ్చి భార్యను చూసి, ఆమె కళ్ళు తెరిచి ఉందని తెలిశాక స్టూలు మీద కూర్చున్నాడు. పట్టీ చుట్టింది. నూట తొంభై ఎనిమిది, నూట పదహారు.

జీవిత పలక ముందుకు లాక్కుంది. కొత్త పేషెంటు అని నొక్కబోయింది.

దేవేంద్రప్ప పలక మీద అరచెయ్యి మూశాడు. "వద్దమ్మా. నా పేరు రాయొద్దు."

"రాయకపోతే మందు ఎట్లిచ్చేది?"

"ఇయ్యొద్దు. రాస్తే నాకి బీపీ ఉండేటోల్లకిచ్చే నీలి కార్డు వస్తాది. కార్డు ఉండేటోన్ని కూలోల్లను పిలుచుకపోయే ఓబులేష్ మేస్త్రి సుగ్గి బండెక్కియ్యడు. హనుమేష్ మిరపచేన్లో పడిపాయ గదా పోయినేడు. దోవలోనే పానం పాయ. పీనుగను తెచ్చింది మేస్త్రే, తిట్లు తినింది మేస్త్రే. ఆపొద్దు నుంచి బీపీ రాసినోన్ని పిలుచుకపోనని ఒట్టు పెట్టుకున్యాడు. మూడు నెలల కూలి, రెండు బస్తాల మిరపకాయలు... అది పోతే మా బతుకేం కావాల?"

గిడ్డమ్మ మంచం మీది నుంచే అందుకుంది. "మా ఇంట్లోనే కాదు సిస్టరమ్మా. ఆడోల్లకి కార్డు ఉన్నా మేస్త్రి ఏమనడు. మొగోల్లకే గదా అనేది. అందుకని..." అంతటితో నాలుక కరుచుకుంది.

అంబులెన్సు వచ్చేసరికి గిడ్డమ్మ బీపీ నూట పద్నాలుగుకు వచ్చి లేచి కూర్చుంది. డాక్టరు ఫోనులోనే వివరమంతా విన్నాడు. పంపాల్సిన పనిలేదు, తెల్ల మాత్రలు రెండూ రేపటి నుంచి రోజూ వేసుకోవాలి, ఎర్రవి ఆపేయాలి, వారం పాటు రోజూ చూడు అన్నాడు. పలక మాత్రం ఊరుకోలేదు. నా సలహా ఎందుకు పాటించలేదో కారణం చెప్పమంది. మందు స్టాకు లేదు, పేషెంటు ఒప్పుకోలేదు, మందు పడలేదు అని మూడు వరుసలిచ్చింది. వాటిలో జీవితకు కావలసినది లేదు. "ఇతరములు" నొక్కి, "మాత్రలు ఇద్దరు తిన్నారు" అని రాసింది.

మధ్యాహ్నం క్లినిక్కు ఖాళీ అయ్యాక పలకలో ఊరి జాబితా తీసింది. బీపీ మందులు తీసుకునేవాళ్ళు డెబ్బై మూడు మంది. అందులో ఆడవాళ్ళు అరవై ఐదు. మగవాళ్ళు ఎనిమిది మంది, అందరూ సుగ్గికి పోలేని ముసలివాళ్ళే. అరవై ఐదు మందిలో నలభై మందికి మందు పెరుగుతూనే ఉంది, బీపీ దిగడం లేదు. మీ ఊరి ఆడవాళ్ళలో ఎంత చైతన్యమండీ అని జిల్లా మీటింగులో చప్పట్లు కొట్టించుకున్న జాబితా ఇదే. మిగతా మగవాళ్ళంతా ఇదే జాబితాలో భార్యల పేర్ల వెనక దాక్కుని ఉన్నారు. జీవిత నెత్తిన చెయ్యి పెట్టుకుంది.

డాక్టరుకు మళ్ళీ ఫోను చేసింది. "పేరు రాయకుండా దేవేంద్రప్పకు మాత్ర ఇవ్వలేను జీవితా. మూత్రపిండాలు చూడాలి, చక్కెర చూడాలి. అంత బీపీతో సుగ్గికి పోతే ఇంకో హనుమేష్ అవుతాడు. ఎట్లయినా రాయించు" అన్నాడు.

రాయిస్తే కూలి పోతుంది. రాయించకపోతే మనిషే పోతాడు. పైగా ఇప్పుడు గిడ్డమ్మ మాత్రలు గిడ్డమ్మకే సరిపోతాయి. ఆయనకు పెట్టడానికి ఎర్రవి కూడా మిగలవు. తను మందు సరిచేసిన పుణ్యానికి ఆ మనిషి నోటి దగ్గర మాత్ర లాగేసినట్టయింది.

శుక్రవారం క్యాంపులో గిడ్డమ్మను ఈసారి వెనక్కి పంపలేదు. శనివారం సాయంత్రం ఎండ తగ్గాక పలక, బీపీ మిషను సంచిలో వేసుకుని ఓబులేష్ మేస్త్రి ఇంటికి పోయింది. మేస్త్రి నలభై ఐదేళ్ళ మనిషి, గట్టి గొంతు. అరుగు మీద కూర్చుని బండిలో ఎవరెవరు ఎక్కాలో పేర్లు రాసుకుంటున్నాడు. జీవితను చూసి మర్యాదగా లేచి కుర్చీ వేశాడు. సంగతి విన్నాక మళ్ళీ కూర్చుని కాగితం మడిచాడు.

"నాకేమన్నా దేవేంద్రప్ప మీద పగనా సిస్టరమ్మా? ఆసుపత్రి దోవలో హనుమేష్ నా తొడ మీద తల పెట్టుకోని పాయ. ఊరికొస్తే వాని అమ్మ నా చొక్కా పట్టుకునె. ఇంగ అట్లాటిది నాతో కాదు. బీపీ ఉండేటోల్లు ఇంటికాడ ఉండుకోవాల."

"హనుమేష్ పేరు నా పలకలో లేదన్నా" అంది జీవిత. "ఎన్ని వెనకటి పేర్లు తిరగేసినా లేదు. ఒక్కనాడు కూడా పట్టీ కట్టించుకోలేదు. బీపీ రాసినోడు కాదన్నా నీ తొడ మీద పోయింది. రాయనోడు."

మేస్త్రి గొంతు పెంచాడు. "అవన్నీ నాకి తెల్దు. ఒకన్ని రాస్తే పదిమంది రాపిస్తారు. సగం బండి రోగిష్టోల్లే అయితే రైతు నన్నేమంటాడు? ఒట్టంటే ఒట్టే."

అప్పుడు లోపలి నుంచి మేస్త్రి భార్య శివజ్యోతి వచ్చింది. జీవితకు ఆమె నెలనెలా తెలిసిన మనిషే. మూడు రకాల మాత్రలు, దిగని బీపీ, లెక్క తప్పని ఖాళీ అట్టలు. చేతిలో మందుల సంచి ఉంది. దాన్ని తెచ్చి మొగుడి ముందు కాగితం మీద పెట్టింది.

"ఇంగ నా మాత్రలు నేనే తింటా" అంది. "ఏడాది నుంచి సగమే తింటాండా. పోటుకు తల ఎత్తల్యాకుండా ఉండా. గిడ్డమ్మ కత ఊరంతా ఇన్న్యారు, నువ్వూ ఇన్న్యావు. సోమారం పొద్దు నుంచి నీకి నా సంచిలో మాత్ర ల్యాదు. కావాలంటే నీ పేరు మీద తెచ్చుకో."

"గమ్మునుండే, లోపలికి పో" అన్నాడు మేస్త్రి, సంచి మీది నుంచి చూపు తిప్పకుండా.

"పోను. నీ బండిలో ఎక్కే మొగోల్లలో ఎంతమంది పెండ్లాల మాత్రలు తింటాండారో నాకి తెలుసు. పేర్లు చెప్పమంటావా? నీ కాగితంలో సగం కొట్టేసుకోవాల."

వీధిలో ఎవరో మేకలను తోలుకుపోతున్నారు. జీవితకు ఓబులేష్ మీద కోపం పోయింది. ఆ పెద్ద గొంతు మనిషి ఏడాదిగా భార్య సంచిలోంచి దొంగచాటుగా మాత్ర తీసుకుని మింగుతూ, పగలంతా ఒట్టు పేరు చెప్పి అందరినీ బెదిరిస్తున్నాడు. అతనికి తెలియని భయమా అది? తొడ మీద పోయిన హనుమేష్‌ను రోజూ తలుచుకుంటున్న మనిషి, తనకు తలపోటు వచ్చినప్పుడల్లా ఎంత వణికి ఉంటాడో. జాలేసింది. సంచిలోంచి పట్టీ తీసి ఒళ్ళో పెట్టుకుని ఊరికే కూర్చుంది. రమ్మని అనలేదు.

చాలాసేపటికి మేస్త్రి చొక్కా చెయ్యి పైకి మడిచాడు.

నూట డెబ్బై ఎనిమిది, నూట ఎనిమిది. కాసేపాగి మళ్ళీ చూసింది. దాదాపు అంతే. జీవిత అంకె గట్టిగా చదవలేదు, మిషను అతనివైపు తిప్పింది. మేస్త్రి చదువుకున్నాడు. జీవిత పలక తీసి కొత్త పేషెంటు అని నొక్కింది. పేరు అడిగింది పలక.

"రాసుకో" అన్నాడు. వెంటనే చెయ్యి అడ్డం పెట్టి, చిన్నపిల్లాడిలా గొంతు తగ్గించి అడిగాడు. "సిస్టరమ్మా, ఇది రాస్తే... నేను సుగ్గికి పోవచ్చునా?"

జీవిత తలెత్తి అతని కళ్ళలోకి చూసింది. "మందు తింటే పోవచ్చని నేను చెప్తా, డాక్టరు చెప్తాడు. బండెక్కిచ్చేది లేంది చెప్పేది మేము కాదు గదన్నా. అది మేస్త్రినడగాల."

శివజ్యోతి ముఖం పక్కకు తిప్పుకుంది. మేస్త్రి ఒళ్ళో ఉన్న చెయ్యి చూసుకుంటూ అట్లాగే ఉన్నాడు. తర్వాత మాత్రల సంచి తీసి జాగ్రత్తగా భార్య చేతికిచ్చాడు. మడిచిన కాగితం విప్పి, మోకాలి మీద సాపు చేసి, జేబులోంచి పెన్ను తీసి ఒక పేరు రాశాడు.

"దేవేంద్రప్పకు చెప్పు సిస్టరమ్మా" అన్నాడు తలెత్తకుండా. "సోమారం పొద్దున్నే నీ కాడికి నాతో పాటు రమ్మను. ఒక్కన్నే రావల్లంటే నాకి సిగ్గవుతాది."